రౌతు లేని గుర్రం

సినిమాల్లో తప్పులు పట్టడం నాకు అనంతపురం కాలేజీలో అబ్బిన అలవాటు. అక్కడ చెప్పిన పాఠాలన్నీ పెళ్ళయిన ఆరునెలలకే పప్పు పోపులో కలిసిపోయాయి కానీ, ఇది మాత్రం పోలేదు. పైగా కళ్యాణదుర్గంలో ఏడాదికి ఆరేడు నెలలు ఊరి బయట డేరా వేసి సినిమాలు ఆడించేవాళ్ళు. నా అలవాటుకు మేత బాగానే దొరికేది.

తపస్సు చేసుకునే మునీశ్వరుడి మణికట్టు మీద గడియారం విప్పిన తెల్లటి గుర్తు. స్వర్గంలో నాట్యమాడే ఆవిడ జబ్బ మీద రెండు టీకా మచ్చలు. అమృతం తాగేవాళ్ళకు కూడా మశూచి భయం తప్పలేదన్నమాట. మహారాణి దుఃఖం పట్టలేక ఆనుకున్న పాలరాతి స్తంభం ఆమె బరువుకు ఊగింది. వనవాసానికి బయల్దేరిన రాజకుమారుడికి ముందే ఎవరో లారీలో వెళ్ళినట్టు మట్టిలో టైరు గుర్తులు.

డేరాలో మిషను ఒక్కటే. పది పన్నెండు నిమిషాలకొకసారి రీలు మార్చాలి. అప్పుడు లైటు వేస్తారు. ఆ సందులో ఆడవాళ్ళంతా నా వైపు తిరిగేవాళ్ళు.

"ఏమి కనపడింది చిన్నక్కా?"

మా అత్తవారింట నేను చిన్న కోడలిని. కాబట్టి ఊరందరికీ చిన్నక్కను. నేను చెప్పేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు. మా ఆయన నారాయణకు మాత్రం ఇది నచ్చేది కాదు. "నువ్వు సినిమాకు పోతాండావా, తనిఖీకి పోతాండావా?" అనేవాడు.

నా అలవాటు మీద నమ్మకంతో ఒక మనిషి నా దగ్గరికి ఒక పని పెట్టుకుని వచ్చేదాకా, అది నవ్వులాటగానే సాగింది. ఆ మనిషి మేరాజ్ బీ.

మేరాజ్ మా ఇంటికి రవికలు కుట్టేది. భర్త పీరాసాబ్ జట్కా తోలేవాడు. నుదుటి మీద తెల్లటి మచ్చ ఉన్న ఎర్ర గుర్రం వాళ్ళది. యాభైతొమ్మిది ఎండాకాలంలో మద్రాసు నుంచి ఒక సినిమా కంపెనీ వచ్చింది. యుద్ధం తీయడానికి వాళ్ళకు పచ్చటి ఆకు ఒక్కటి కూడా కనపడని మైదానం కావాలట. వెదికి వెదికి మా దగ్గరికి వచ్చారు. మా సీమ ఒకరికి అంతగా నచ్చడం అదే మొదటిసారి.

వాళ్ళు ఎంచుకున్నది మా బావగారు బసప్ప గారి చేను. రెండేళ్ళుగా వాన లేక వేరుశనగ కూడా వేయలేదు. చేను మధ్యలో ఒక పాత గిలక బావి. ఇరుకు నోరు, పది నిలువుల లోతు, చుక్క నీళ్ళు లేవు. గట్టు ఎప్పుడో విరిగిపోయింది. గిలక కట్టే రెండు రాతి కంబాలు మాత్రం నిలబడి ఉండేవి. ఊళ్ళో నడవగలిగిన మగవాళ్ళంతా సిపాయిలయ్యారు. గుర్రం ఉన్నందుకు పీరాసాబ్ రౌతయ్యాడు. అట్ట కవచం, రేకు టోపీ ఇచ్చారు. టోపీ పెద్దది. మాటిమాటికీ కళ్ళ మీదికి జారేది.

షూటింగు మూడు రోజులు. మొదటి రోజు మేము ఆడవాళ్ళం బండి కట్టుకుని పోయి చూశాం. రెండో రోజు గుర్రాలను ఉరికిస్తారని, ఆడవాళ్ళు రావద్దని బావగారు కబురు పెట్టారు. ఆ సాయంత్రం పీరాసాబ్ గుర్రం ఒంటరిగా ఇంటికొచ్చింది. వీపు మీద కంపెనీవాళ్ళ ఎర్ర గుడ్డ అలాగే ఉంది.

మేరాజ్ రాత్రంతా గుమ్మంలోనే కూర్చుంది. తెల్లారాక బావగారే ఆమె ఇంటికి పోయి చెప్పారు. "సినిమా పిచ్చి పట్టింది వానికి. సామాన్ల లారీ నిన్న మాపున అనంతపురం పోయింది కదా, దాంట్లో ఎక్కినాడు. నా కండ్లతో చూసినా. మద్రాసుకే పోయింటాడు."

బసప్ప గారు చూశానంటే మా ఊళ్ళో ఇంకెవరూ చూడక్కరలేదు. అప్పటికే పంచాయతీ సమితి ఎన్నికల్లో నిలబడడానికి ఆయన ఊరూరూ తిరుగుతున్నారు. పీరాసాబ్ మళ్ళీ రాలేదు. ఉత్తరం రాలేదు. ఊళ్ళో సగం మంది అతనికి మద్రాసులో ఒక వేషగత్తెతో పెళ్ళి చేశారు. మిగతా సగం మంది ఇద్దరు పిల్లల్ని కూడా పుట్టించారు. మేరాజ్ గుర్రాన్ని అమ్మేసి కుట్టు మిషను కొనుక్కుంది. ఎవరేమన్నా తల ఎత్తేది కాదు, సూదిలో దారం ఎక్కించుకునేది.

అరవైరెండులో ఆ సినిమా మా డేరాకు వచ్చింది. సోమవారం పొద్దున మేరాజ్ మా పెరటి వాకిట్లో కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండా పక్కన పెట్టింది.

"చిన్నక్కా, బేస్తవారం దాకా ఆడుతాదంట. మా ఆయన మొగం ఒకసారి చూసుకోని, శుక్రవారం బస్సుకు పోతా."

"యాడికి?"

"మద్రాసుకు. స్టూడియోల గేట్ల ముందర నిలబడతా. ఏదో ఒక గేట్లోంచి బయటికి రాకపోతాడా?"

"నువ్వు పామిడి దాటి పోయినావా ఎప్పుడన్నా?"

"పామిడి మా పుట్టిల్లు. దాన్ని దాటి పోవాల్సిన పని ఇంతవరకు రాలేదు. మిషను అమ్మేదానికి మాట్లాడినా. ఆయప్ప నన్ను ఇడిసిపెట్టి పోయినాడో, పోవాల్సొచ్చి పోయినాడో, అది ఆయప్ప నోటితో వినాల. ఇడిసినా అని మొగం మీద చెప్తే తిరిగొచ్చేస్తా. మూడేండ్లయింది అక్కా, నేను ఎవురని అడిగితే ఏమని చెప్పేది?"

మంచినీళ్ళు మళ్ళీ ఆమె వైపు జరిపాను.

"వెయ్యి మంది సిపాయిల్లో నా మొగుడు యాడుండాడో నువ్వు చూపియ్యాల. నీ కంటికి పడనిది లేదంటారు కదా," అంది.

ఆ సాయంత్రం డేరాలో సినిమా ఎవరూ చూడలేదు. మా ఊరివాళ్ళు మా ఊరివాళ్ళను చూసుకున్నారు. వెయ్యేళ్ళ కిందటి మహాసైన్యం బారులు తీరగానే నేల నుంచి కేకలు. "రేయ్, మన సుంకప్పరా! ఈటె పట్టుకున్న్యాడు సూడు, జొన్న కంకి పట్టుకున్నట్ల!" సైన్యం వెనకాల, దూరంగా, మా చేలోని రెండు రాతి కంబాలు కనిపించాయి.

మరుక్షణం సైన్యం దూకింది. ధూళి లేచింది. నేను ముందుకు వంగాను. చివరి నుంచి మూడో గుర్రం. నుదుటి మీద తెల్లటి మచ్చ. దాని మీద ఉన్నవాడి మెడకు గళ్ళ తువ్వాలు. ఏ రాజు సైన్యంలోనూ ఉండడానికి వీల్లేని తువ్వాలు అది. చేత్తో టోపీని పైకి తోసుకుంటున్నాడు.

"మేరాజ్, అదో! తువ్వాలు!"

ఆమె నా మణికట్టు పట్టుకుంది. నాలుగు రెప్పపాట్లు, అంతే. తెర మీద దృశ్యం మారింది. ఇప్పుడు గుర్రాలు ఎదురుగా మన మీదికి వస్తున్నాయి. ఆ ఎర్ర గుర్రమూ ఉంది. దాని మీద మనిషి లేడు.

రీలు అయిపోయింది. లైటు వెలిగింది. అందరూ నా వైపు తిరిగారు. నేనూ ఆపుకోలేదు.

"చూసినారా? గుర్రం ఒక్కటే యుద్ధానికి పోతాంది. సిపాయి ఇంట్లో నిద్రపోతాండాడేమో!"

ఆడవాళ్ళ వైపంతా ఘొల్లుమంది. మాట చాప కింద నీరులా మగవాళ్ళ వైపు పాకి, అక్కడా నవ్వు మొదలైంది. మేరాజ్ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మూడేళ్ళలో ఆమె నవ్వడం నేను చూడలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తర్వాతి రీల్లో కథానాయకుడు ఒక మిట్ట ఎక్కి, గెలిచిన సైన్యానికి ఉపన్యాసం ఇచ్చాడు. చాలా పొడుగాటి ఉపన్యాసం. నేను అలవాటు కొద్దీ అతన్ని వదిలేసి భుజం వెనకాల చూశాను. మా చేను. కంబాలు లేవు. అవి ఉండాల్సిన చోట నడుమెత్తు రాళ్ళ గుట్ట.

నోట్లో ఉన్న వేరుశనగ గింజ నమలడం ఆపేశాను.

సినిమాలో ఆ యుద్ధం ఒక్క పూట. మాకు మాత్రం అది మూడు రోజులు. సైన్యం బారులు తీరింది మొదటి రోజు. అది నేను చూసిందే, కంబాలు ఉన్నాయి. సైన్యం దూకింది రెండో రోజు. ధూళి లేవకముందు అక్కడ నేల అరచెయ్యిలాగా చదునుగా ఉంది. కంబాలూ లేవు, బావి నోరూ లేదు. ఉపన్యాసం మూడో రోజు పొద్దున తీశారు. దానికి రాళ్ళ గుట్ట వచ్చింది.

ఒక సంగతి చెప్పాలి. మా వైపు ఎండిపోయిన బావిని కూడా ఎవరూ పూడ్చరు. చుట్టూ కంప వేస్తారు, పశువు పడకుండా చూసుకుంటారు, అంతే. ఏదో ఒక ఏడు వాన పడితే ఊట రాదా అని తాతలు ఎదురుచూసిన బావులకే మనవలూ ఎదురుచూస్తారు. బావి పూడ్చిన ఇంట్లో పిల్లనివ్వడానికి కూడా వెనకాడతారు. అందుకే బావగారు ఆ బావి పూడ్చారని తెలిసినప్పుడు ఇంటిల్లిపాదీ నొచ్చుకున్నాం. శ్రావణంలో దూడ పడి చచ్చిందని, చూడలేక పూడ్పించానని ఆయన చెప్పారు. పాపం, ఆ మాట చెప్పేటప్పుడు తల వంచుకున్నారు కూడా. మళ్ళీ ఎవరూ ఆ ఊసెత్తలేదు.

కంపెనీ వచ్చింది వైశాఖంలో. శ్రావణంలో పూడ్చిన బావి మీద రాళ్ళు వైశాఖంలోనే ఎలా ఉన్నాయి?

మంగళవారం మధ్యాహ్నం మా ఆయనకు అన్నం వడ్డిస్తూ అడిగాను.

"మన చేలో బావి ఎప్పుడు పూడ్చినారు?"

"శ్రావణంలో. దూడ పడ్డె కదా."

"ఎవరి దూడ?"

ముద్ద కలిపే చెయ్యి ఆగింది.

"మీరు చూసినారా దాన్ని?"

"నేనప్పుడు అనంతపురంలో ఉంటి. కోర్టు పని." గిన్నె వైపు చూస్తూ అన్నాడు. "అన్న చెప్పినాడు. అన్న చెప్తే ఆడికి అయిపాయె. నువ్వు గమ్మునుండు."

"నేనేమన్నా అంటినా?"

"నీ అడగడమే అనడం మాదిరి ఉంటాది."

ఏడేళ్ళ కాపురంలో ఆయన నా గురించి చెప్పిన మాటల్లో అంత సరైనది ఇంకోటి లేదు. అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

మా ఇళ్ళలో తమ్ముడి భార్యతో బావ నేరుగా మాట్లాడడు. ఆయన వస్తే నేను తలుపు చాటుకు పోవాలి. నాకు చెప్పాల్సింది ఉంటే తోడికోడలు రామలక్ష్మమ్మకు చెప్తారు. ఆమె లేకపోతే స్తంభానికి చెప్తారు. "ఈ పొద్దు కూరలో ఉప్పెక్కువైంది" అని స్తంభంతో అంటే, స్తంభం తరఫున నేను మరునాడు ఉప్పు తగ్గిస్తాను. ఏడేళ్ళుగా ఇలాగే జరిగిపోయింది. ఆయన గొంతు నా వైపు తిరిగి నేనెప్పుడూ వినలేదు.

మంగళవారం సాయంత్రం ఆయన భోజనానికి కూర్చున్నారు. రామలక్ష్మమ్మ వడ్డిస్తోంది. నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను.

"చూడమ్మా," అన్నారు.

రామలక్ష్మమ్మ గరిటె పప్పు గిన్నెలోనే ఆగిపోయింది. ఆమెను ఆయన ఎప్పుడూ అమ్మా అని పిలవలేదు.

"నిన్నే. సినిమాలో తప్పులు బాగా పడతావంట కదా. ఊరంతా చెప్పుకుంటాండారు."

నేను తలుపు రెక్క పట్టుకున్నాను.

"ఈ సినిమాలో ఎన్ని పట్టినావు?"

"ఒకటే బావగారూ," అన్నాను తలుపు వెనక నుంచి. "గుర్రం."

మజ్జిగ పోసుకుని కలుపుకున్నారు. తొందరేమీ లేదు.

"గుర్రానిదేముండాది. నోరు లేని జీవం. తప్పంతా చూసేవాళ్ళది. చీకట్లో కూర్చోని అదేపనిగా చూస్తాంటే కండ్లు పోతాయమ్మా. కండ్లు పోతే సంసారం ఎట్ల చేస్తావు? ఇంట్లోనే ఉండు."

ఆ మాటల్లో కోపం ఏ కొంచెం ఉన్నా నేను ఆ రాత్రి నిద్రపోయేదాన్నేమో. లేదు. ఇంటి పెద్ద ఇంటి కోడలి ఆరోగ్యం అడిగినట్టే ఉంది.

బుధవారం రవిక కొలతలకు మేరాజ్ దగ్గరికి పోతున్నానని చెప్పి బయల్దేరాను. అది అబద్ధం కాదు. మేరాజ్ డేరాలో ఉంది, కొలత టేపు మెడలో ఉంది. సోమవారం నుంచి రోజూ వస్తోంది. నాలుగు రెప్పపాట్ల కోసం మూడు గంటలు కూర్చుంటోంది.

"నిన్న ఆయప్ప మొగం తిరిగిన కాడ బాగా చూసినాక్కా," అంది. "చిక్కినాడు."

సైన్యం బారులు తీరింది. వెనకాల రెండు కంబాలు. నేను మేరాజ్ చెయ్యి పట్టుకున్నాను.

తెర మీద ఒక తెల్లటి మెరుపు. అంతే, రీలు అయిపోయి లైటు వెలిగింది. తర్వాతి రీలు మొదలవగానే కథానాయకుడు మిట్టెక్కి ఉపన్యాసం మొదలుపెట్టాడు. యుద్ధం చేయకుండానే గెలిచాడు.

నేలలో ఈలలు, తిట్లు. మేరాజ్ లేచి నిలబడింది. ఎప్పుడూ తల ఎత్తని మనిషి, తెరకు అడ్డంగా నిలబడి వెనక్కి తిరిగి మిషను వైపు అరిచింది.

"నా మొగుడు యాడ? నిన్న ఉన్న్యాడే, యాడికి పాయె?"

మిషను నడిపే హుస్సేన్ బాషా కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఫిల్ము తెగిందమ్మా. కూర్చో."

ఆమె కూర్చుంది. మెడలోని కొలత టేపు తీసి చుట్టింది. "ఈడ ఇంక లేడు," అంది నెమ్మదిగా. "ఎల్లుండి పొద్దున్నే బస్సు. నువ్వు బస్టాండుకు రావద్దక్కా, నాకు ఏడుపొస్తాది."

నేను చెప్పొచ్చు. అప్పుడే, ఆ చీకట్లోనే చెప్పొచ్చు. చెప్పడానికి నా దగ్గర ఏముంది? ఒక రాళ్ళ గుట్ట, లేని ఒక దూడ. బసప్ప గారు కళ్ళతో చూశారు. నేను సినిమాలో చూశాను. ఎవరి మాట నిలబడుతుంది? ఇదంతా పైకి అనుకున్నది. లోపలిది వేరు. ఆ ఇంట్లో నేను ఇంకా ముప్పై నలభై ఏళ్ళు అన్నం తినాలి.

గురువారం పొద్దున పూజకని పూల బుట్ట పట్టుకుని డేరాకు పోయాను. పగటి పూట డేరా కోసిన జంతువు తోలులాగా ఉంటుంది. హుస్సేన్ బాషా మిషనుకు నూనె పెడుతున్నాడు. నన్ను చూసి బీడీ పడేశాడు.

"నిన్న తెగిందన్నావే, ఆ ముక్క యాడుండాది?"

"ఎందుకు చిన్నక్కా?"

"చూసేదానికి."

"మీ ఇంటి పెద్దాయన తీసేయమన్నాడు. మన ఊరోళ్ళను చూసి జనం అల్లరి చేస్తాండారు, కొట్లాటలైతాయని." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పారేయమన్నాడు. పారేస్తే నాకు ఉద్యోగం ఉంటాదా? రేపు పెట్టె వెనక్కి పంపేటప్పుడు అతికించాల."

"మధ్యాహ్నానికి తెచ్చిస్తా."

"ఏందక్కా ఇది? దాంట్లో ఏముండాది?"

"నువ్వు చూడలేదా?"

అతను మిషను వైపు తిరిగి నూనె డబ్బా మూత బిగించాడు. చూశాడని అర్థమైంది. రేకు డబ్బాలోంచి ఫిల్ము చుట్ట తీసి పూల బుట్టలో వేశాడు. నేను దాని మీద చామంతులు సర్దాను.

మేరాజ్ ఇంట్లో మూట కట్టి ఉంది. కుట్టు మిషను ఉండే చోట నేల మీద నాలుగు గుండ్రటి గుర్తులు. నేను ఆమెను పెరట్లోకి తీసుకుపోయి, ఫిల్మును ఎండకు ఎత్తి పట్టుకున్నాను. ఒక్కో బొమ్మ బొటనవేలి గోరంత. గుర్రాలు, ధూళి, ధూళిలో పీరాసాబ్. మెల్లగా కిందికి జరిపాను.

తెర మీద చూసేవాళ్ళకు దొరకనిది అక్కడ ఉంది. మద్రాసులో సినిమా కత్తిరించినవాడు ఎక్కడ కోయాలో అక్కడ కోయలేదు. నాలుగైదు బొమ్మలు ఎక్కువ వదిలేశాడు. మిషనులో అవి రెప్ప వేసేలోపు పోతాయి. చేతిలో పట్టుకుంటే పోవు.

మొదటి దాంట్లో గుర్రం ముందరి కాళ్ళు పక్కకు తిప్పుకుంది. రెండో దాంట్లో దాని ముందు చదును నేలలో నల్లటి గీత, చాప చినిగినట్టు. మూడో దాంట్లో గీత పెద్దదైంది. పీరాసాబ్ గుర్రం మెడ దాటి ముందుకు ఒరిగాడు. టోపీ కళ్ళ మీద ఉంది. నాలుగో దాంట్లో గుర్రం ఉంది. నేలలో నల్లటి రంధ్రం ఉంది. రంధ్రం అంచున తువ్వాలు కొస.

కెమెరాకు మైదానం చదునుగా కనపడాలని కంబాలు పీకేశారు. బావి నోటి మీద చాపలు పరిచి మట్టి కప్పారు. ఆ పక్కకు పోవద్దని రౌతులకు చెప్పే ఉంటారు. పీరాసాబ్ కూడా విని ఉంటాడు. టోపీ కళ్ళ మీద పడ్డ మనిషికి ఏ పక్క ఏదని?

మేరాజ్ ఫిల్మును నా చేతిలోంచి తీసుకుని తానే పట్టుకుంది. చాలాసేపు చూసింది. సూదిలో దారం ఎక్కించేటప్పటి చూపు.

"ఇది దిగడమా అక్కా, పడడమా?"

"పడడం."

"లారీ?"

"ఎక్కలేదు. మేరాజ్, ఆ బావిని మరునాటి పొద్దుకే పూడ్చినారు. నాకు సోమవారమే తెలుసు."

ఆ చివరి మాట చెప్పకుండా ఉండొచ్చు. చెప్పేశాను. ఆమె నన్ను ఒకసారి చూసింది. ఆ చూపు గురించి నేను రాయను. ఫిల్మును చుట్టి నా బుట్టలో పెట్టి, చెప్పులు వేసుకోకుండానే వీధిలోకి నడిచింది. బస్టాండు వైపు కాదు.

మైలు దూరం. ఎండకు నేల పగిలి ఉంది. నేను వెనకాల పరిగెత్తినట్టే నడిచాను. చేలో రాళ్ళ గుట్ట చుట్టూ కంప పెరిగింది. మేరాజ్ చేతులతోనే కంప లాగి పారేసి, మొదటి రాయి ఎత్తి పక్కన పెట్టింది. తర్వాత ఇంకోటి. ఏడవడం లేదు, అరవడం లేదు. బట్టలు మడత పెట్టినట్టు వరసగా పెడుతోంది. నేనూ వంగి ఒక రాయి ఎత్తాను. చిన్నదే ఎత్తాను.

కంప కొట్టుకునేవాళ్ళు ముందు చూశారు. వాళ్ళను చూసి గొర్రెలు మేపేవాళ్ళు. గంటలో ముప్పై నలభై మంది గట్ల మీద చేరారు. ఎవరూ ఏమని అడగలేదు. మాకు చెయ్యి కూడా వేయలేదు. గుట్ట మోకాలెత్తుకు తగ్గేసరికి బావగారు గొడుగు వేసుకుని వచ్చారు. వెనక మా ఆయన.

ఆయన మేరాజ్ వైపు చూడలేదు. "నారాయణా, నీ పెండ్లాన్ని ఇంటికి తీసుకపో," అన్నారు.

మా ఆయన నా దాకా వచ్చాడు. నా చేతుల వైపు చూశాడు. రాళ్ళ వైపు చూశాడు.

"దూడ ఎవరిదన్నా?" అన్నాడు.

బావగారు గొడుగు చెయ్యి మార్చుకున్నారు. "ఏందిరా?"

"ఏం లేదు. ఊరికే అడిగినా." అక్కడే ఒక రాయి మీద కూలబడ్డాడు. నన్ను తీసుకుపోలేదు, సాయమూ చేయలేదు. నా మొగుడి నుంచి అంతకంటే ఎక్కువ నేను ఆశించలేదు. అది కూడా ఆశించలేదు.

అప్పుడు గట్టు మీది జనంలోంచి ఈరప్ప దిగాడు. ఇరవై ఏళ్ళుగా బావగారి దగ్గర సేద్యం చేస్తున్నవాడు. భుజం మీద గడ్డపార. బావగారు "ఈరప్పా" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. ఈరప్ప ఆగాడు. ఆగినవాడు మళ్ళీ నడిచాడు.

"ఆడ కాదు బీబీ," అన్నాడు మేరాజ్‌తో. "ఆడ తీస్తే పైనుండేదంతా లోపలికి జారుతాది. కంబాలు రెండూ అడ్డం ఏసినాం. ఈ పక్కనుంచి తీయాల."

మేరాజ్ నడుము నిటారుగా చేసి అతని వైపు తిరిగింది. "నువ్వేసినావా?"

"నేనే. చాపలు పరిచిందీ నేనే, రాళ్ళేసిందీ నేనే. చచ్చిపోయినాడు, పోలీసులొస్తారు, ఎలచ్చన్లు చెడతాయి, బిరీన పూడ్చు అన్న్యాడు అయ్య." గడ్డపార నేలకు గుచ్చి, దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. "తొలి గంప ఏసినంక లోపల దగ్గినట్లు ఇనపడింది. ఇంకా ఉండాడయ్యా అంటి. ఏయిరా అన్న్యాడు."

గట్ల మీద ఒక్క మనిషి కదల్లేదు. బావగారి గొడుగు నీడ మాత్రం మట్టి మీద ఒక అడుగు వెనక్కి జరిగింది.

"ఎన్ని మాట్లు దగ్గినాడు?" అని అడిగింది మేరాజ్.

"రెండు మాట్లు."

ఆమె తల ఊపింది. చీర కొంగు నడుముకు బిగించుకుని, కంబం రెండో కొస దగ్గరికి పోయి వంగింది.

"పట్టు," అంది ఈరప్పతో.